కంప్యూటర్ శృతి వాళ్ల ఏరాలు

మేడ్చల్ రైల్వే స్టేషన్‌కు పోయే సందులో మూడో ఇంటి అరుగు మీద ముత్తమ్మ చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతూ కూర్చుంటే, ఆ సందులోకి వచ్చిన కొత్త మనిషి ఎవరైనా సరే సైకిల్ ఆపి అడిగే మాట ఒకటే.

"అమ్మా, కంప్యూటర్ శృతి ఇల్లు గిదేనా?"

ఆ మాట చెవిన పడితే చాలు, ముత్తమ్మకు కడుపులో పచ్చి మిరపకాయ చిదిమినట్టయ్యేది. ఆ ఇంటి గోడలు లేచేటప్పుడు ఇటుకలు అందించింది తను. ఇరవై రెండేళ్లుగా ఆ వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లింది తను. అప్పట్లో ఎవరిని అడిగినా "ముత్తమ్మ ఇల్లా? గదిగో" అని వేలు చూపించేవారు. మొన్న మొన్న మరిది చేయి పట్టుకుని వచ్చిన పిల్ల, రెండు దసరాలు దాటకముందే ఇంటి పేరు మార్చేసింది.

"ఏమో, నాకేం ఎరుక? ముంగటికి పోయి అడుగు" అనేది ముత్తమ్మ తల ఎత్తకుండా.

ఆ మనిషి ముందుకు పోయి, నాలుగిళ్ల తలుపులు కొట్టి, మళ్లీ అక్కడికే తిరిగి వచ్చేవాడు. అప్పుడు ముత్తమ్మ అప్పుడే గుర్తొచ్చినట్టు ముఖం పెట్టి, "ఓ, మా శృతినా! గట్ల చెప్పవైతివి. లోపటికి పో" అనేది. వాడు నాలుగిళ్లు తిరిగినంతసేపు ఆమెకు కొంచెం చల్లగా ఉండేది. ఆ చల్లదనం ఎంతోసేపు నిలిచేది కాదు. లోపల కూర్చున్న వాడికి చాయ్ పెట్టి ఇవ్వాల్సింది తనే. వాడు ఆ చాయ్ తాగుతూ మెచ్చుకునేది శృతిని.

2003వ సంవత్సరమది. ముత్తమ్మ భర్త పర్వతాలు లారీ మీద పోతే వారానికొకసారి ఇల్లు చూసేవాడు. మరిది రవీందర్ దూలపల్లిలో మందుల కంపెనీలో షిఫ్టులు చేసేవాడు. ఒకే వాకిలి, రెండు భాగాలు, ఒకటే వంటిల్లు. పగలంతా ఇంట్లో మిగిలేది ఏరాళ్లు, అంటే తోడికోడళ్లిద్దరే. శృతి అల్వాల్ పిల్ల. డిగ్రీ చదివింది, పిల్లలకు ట్యూషన్లు చెప్పి దాచుకున్నదాంతో ఏదో ఆఫీసులో వాడి వదిలేసిన పాత కంప్యూటర్ కొని తెచ్చుకుంది. వీధి వైపు గదిలో ఇనుప టేబుల్ మీద టీవీ లాంటి తెర, టేబుల్ కింద రెండు ఇటుకల మీద ఆ తెల్ల డబ్బా. పెళ్లి కార్డులు, విజిటింగ్ కార్డులు, బడి పిల్లల ప్రాజెక్టులు, ఏది కావాలన్నా అందులో కొట్టి, బొమ్మలు పెట్టి, ఫ్లాపీలో వేసి ప్రెస్సుకు ఇచ్చేది.

ఆ గది కిటికీ వాకిట్లోకి తెరుచుకుంటుంది. దానికి పరదా సగమే. మిగతా సగం ముత్తమ్మది.

షామీర్‌పేటలో మూడో తరగతి దాకా చదివిన ముత్తమ్మకు తనకు తెలియని సంగతి ఈ భూమ్మీద ఒకటి ఉందంటే నిద్ర పట్టదు. కిటికీ ఎదురుగా పీట వేసుకుని, బియ్యమో చింతపండో ముందర పెట్టుకుని, ఏడాదిన్నరగా ఆమె ఆ డబ్బాను చూస్తూనే ఉంది. బటన్ నొక్కగానే 'బీప్' మని ఒకసారి అంటుంది. తర్వాత నల్ల తెర మీద తెల్ల అక్షరాలు చీమల బారులా నడుస్తాయి. ఆ తర్వాతే రంగులు. డబ్బాలో నుంచి రెండు చప్పుళ్లు వస్తాయి. ఒకటి లావుగా, పిండి గిర్నీ దూరం నుంచి వినబడినట్టు. రెండోది సన్నగా, చెవి దగ్గర దోమలాగా. దాన్ని ముట్టుకున్న శృతికి ఇవేమీ తెలియవు. ముట్టుకోని ముత్తమ్మకు అన్నీ తెలుసు. కళ్లల్లో పోసుకుని చూస్తే తెలియకుండా ఎట్లా ఉంటాయి?

ఆ కుళ్లుకు తోడు ముగ్గు సంగతి ఒకటి. ముత్తమ్మ చేతి ముగ్గంటే ఆ సందులో పేరు. పదకొండు చుక్కలు, ఆరు వచ్చేదాకా సందు చుక్క పెట్టి, చేయి ఎత్తకుండా తీగ లాగుతుంది. పెళ్లి పీటల కింద ముగ్గుకు ఆమెనే పిలిచేవారు. ఒకనాడు పొద్దున ఆమె వాకిట్లో వేసిన తామరపూల ముగ్గు మధ్యాహ్నానికల్లా కాళ్ల కింద చెరిగిపోయింది. అదే ముగ్గు ఆ సాయంత్రం శృతి తెర మీద, పెళ్లి కార్డు మూలన, ఎర్రగా మెరుస్తూ కనబడింది. ఆ కార్డును చేతపట్టుకుని మురిసిపోయినవాడు ఎవరనుకున్నారు? ముత్తమ్మ పుట్టిన ఊరివాడు, షామీర్‌పేట భిక్షం.

"అరెరె, ఏం డిజైన్ పెట్టినవ్ బిడ్డా! మస్తున్నది. మా పిల్ల పెండ్లికి గిదే కావాలె. గీ ముగ్గు మాత్రం తీయకు" అన్నాడు భిక్షం. తర్వాత చాయ్ తెచ్చిన ముత్తమ్మ వైపు తిరిగి, "నీ అదృష్టం చెల్లె, గిసువంటి ఏరాలు దొరికింది" అన్నాడు.

"అవునన్నా. మస్తు అదృష్టం" అంది ముత్తమ్మ పళ్లు బిగించి.

శృతి నవ్వింది. ఆ ముగ్గు మా అక్కదే అని ఒక్క మాట అనలేదు. బహుశా ఆ పిల్లకు అది తోచి ఉండదు. వాకిట్లో రోజూ కనబడేది ఎవరిది అని ఎవరు అడుగుతారు? కాని ముత్తమ్మ వంటింట్లోకి పోయి పొయ్యిలో ఊదుతూ, "పాడుగాను నీ డబ్బా" అంది. మెల్లగానే అంది. పొయ్యికి తప్ప ఎవరికీ వినబడలేదు.

మర్నాడు పొద్దున శృతి కేక వేసింది.

"అక్కా, గిటు రా! తెర మీద ఏందో గీతలొస్తున్నయి, చూడు."

ముత్తమ్మ చేతిలో చెంబు జారి వాకిట్లో దొర్లింది. తెర మీద పెళ్లికొడుకు పేరు మీదుగా ఎర్రవి, పచ్చవి చుక్కలు. పై నుంచి కింది దాకా సన్నటి గీతలు, జొన్న చేను నిలబడ్డట్టు.

ఆ చెంబు ఎందుకు జారిందో తెలియాలంటే సిద్దిరాములు బర్రె సంగతి చెప్పాలి. పన్నెండేళ్ల కిందట, వెనక ఇంటి సిద్దిరాములు పాలు పిండుతుంటే అటుగా పోతున్న ముత్తమ్మ ఆగి, "ఏం పాలురా సిద్దిరాములూ, బిందె నిండుతాంది గదరా!" అంది. మనసులో కుళ్లు లేదని చెప్పలేం. ఉంది. వారం తిరగకుండా ఆ బర్రె చుక్క పాలు ఇవ్వడం మానేసింది. అప్పటి నుంచి సిద్దిరాములు భార్య, ముత్తమ్మ అడుగుల చప్పుడు వినబడితే పాల చెంబు మీద కొంగు కప్పుతుంది. సందులో ఎవరింట్లో లేగదూడ పుట్టినా, కొత్త చీర కట్టినా, ముత్తమ్మ వస్తుంటే ముఖాలు మారేవి. ఎవరూ నోరు తెరిచి అనలేదు. అనకపోవడమే ఎక్కువ గుచ్చుకునేది. తను మెచ్చుకుంటే పాలు ఎండిపోతాయి, తను తిడితే డబ్బా చెడిపోతుంది. తన కన్ను పాడు కన్నేనని ఆమెకు కూడా లోలోపల నమ్మకం కుదిరింది. ఇప్పుడు ఆ మాట తన ఇంట్లో, తన మరిది ముందర బయటపడితే, ఆ వాకిట్లో తలెత్తుకుని ఎట్లా తిరుగుతుంది?

సరిగ్గా ఆ రోజే, వెనక కాలనీలో ఉండే పద్మజ కూతురి బడి ప్రాజెక్టు కోసం వచ్చింది. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఉద్యోగస్తుల కుటుంబం వాళ్లది. తెర చూసి బుగ్గన వేలు పెట్టుకుంది.

"ఇది మామూలు రిపేరు కాదండీ శృతి గారూ. దిష్టి! నలుగురూ వచ్చి చూసిపోయే వస్తువు కదా. కొందరి కళ్లు అలాంటివుంటాయండీ, చూపు పడితే చాలు. ఒక నిమ్మకాయ కట్టి చూడండి."

చాయ్ గ్లాసు అందిస్తున్న ముత్తమ్మ సగం చాయ్ పళ్లెంలోనే ఒలకబోసింది.

షిఫ్టు నుంచి వచ్చిన రవీందర్ నవ్వులాటకు ఇంకో రాయి వేశాడు. "ఏం వదినె, నువ్వేమన్న దీన్ని మెచ్చుకున్నవా? సిద్దిరాములు బర్రెను మెచ్చుకున్నట్టు?"

"థూ! పొద్దున లేస్తే పరాచికాలే నీకు" అంది ముత్తమ్మ. ముఖం మాత్రం పాలిపోయింది.

తన కన్ను తగిలితే దాన్ని తనే దించాలి. ప్రతి శుక్రవారం ఆమె ఇల్లంతా ఊదు వేస్తుంది. మట్టి మూకుడులో నిప్పులు, వాటి మీద సాంబ్రాణి, దోమలు కూడా పోతాయని ఎండు వేపాకు, నాలుగు చుక్కల వేపనూనె. శృతి గదిలో కూడా వేస్తూనే ఉంది, కంప్యూటర్ వచ్చిన నాటి నుంచి. ఇప్పుడు ఇంకా గట్టిగా వేయాలనుకుంది. శృతి స్నానానికి పోయినప్పుడు పొద్దున ఒకసారి, కూరగాయలకు పోయినప్పుడు సాయంత్రం ఒకసారి, గిన్నెడు పొగ ఆ డబ్బా చుట్టూ తిప్పి, చివరకు డబ్బా పక్కనే నేల మీద పెట్టి కూర్చునేది. "నా కన్ను, ఊరి కన్ను, పోయేవాళ్ల కన్ను, వచ్చేవాళ్ల కన్ను" అని గొణుక్కునేది. చిత్రమేమిటంటే, శృతి దాన్ని ఆపకుండా పోయినప్పుడు ఆ డబ్బా తన సందుల్లో నుంచి పొగను తనే లోపలికి లాక్కునేది. ప్రాణమున్నదానిలాగా. అది చూసి ముత్తమ్మకు ధైర్యం వచ్చింది. 'అడిగి తీసుకుంటాంది' అనుకుంది.

ఊదు ఎక్కువైన కొద్దీ గీతలూ ఎక్కువయ్యాయి.

తెర పాడైందేమోనని రవీందర్ దాని నెత్తి మీద రెండు దెబ్బలు కొట్టి చూశాడు. తర్వాత దాన్ని దుప్పట్లో చుట్టి బండి మీద అల్వాల్ తీసుకుపోయాడు. అక్కడ శృతితో కలిసి కంప్యూటర్ కోర్సు చేసిన ఎల్లేష్ రిపేరు దుకాణం నడుపుతున్నాడు. ఎల్లేష్ తన కంప్యూటర్‌కు తగిలించి చూస్తే తెర అద్దంలా వెలిగింది. "దీనికేం రోగం లేదు. వైరస్ అయ్యుంటది, ఫార్మాట్ కొట్టుమను" అని పంపించాడు. శృతి భిక్షం కార్డును ఫ్లాపీలోకి ఎక్కించి, ఉన్నదంతా తుడిచేసి, మొదటి నుంచి అన్నీ వేసుకుంది. అరగంట బాగుంది. తర్వాత మళ్లీ జొన్న చేను. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, చివరకు డబ్బా బిగుసుకుపోయేది.

ఆ వారం రోజులు ముత్తమ్మ రెండు నిప్పుల మధ్య కూర్చుంది. శృతి ముఖం వాడిపోయింది, వచ్చేవాళ్లు తగ్గారు, ఇల్లు అడిగేవాళ్లు లేరు. అది చూసి ఆమెకు లోపల ఒక మూల హాయిగా ఉండేది. ఆ హాయి తెలిసిన మరుక్షణమే, 'ఇదుగో, గీ బుద్ధి వల్లనే' అని భయం పట్టుకునేది. మళ్లీ లేచి ఇంకో గిన్నెడు ఊదు వేసేది.

శనివారం పొద్దున, రవీందర్ ఇంట్లో ఉండగానే, ఎల్లేష్ స్వయంగా వచ్చాడు. అదే సమయానికి భిక్షం కూడా షామీర్‌పేట నుంచి దిగాడు. సోమవారం కార్డు ప్రెస్సుకు పోకపోతే పంచడానికి రోజులు చాలవు.

ఎల్లేష్ కుర్చీలో కూర్చుని అడగడం మొదలుపెట్టాడు. "గీతలు ఎప్పుడొస్తున్నయి శృతీ? పెట్టంగనేనా, కొంచెంసేపటికా?"

"ఎప్పుడంటే... పనిల ఉంట గద అన్నా. చూస్తే వచ్చి ఉంటయి."

"విండోస్ వచ్చినంకనా, దానికంటే ముంగటనా?"

"ఏమో అన్నా. బటన్ నొక్కి నేను మొకం కడుక్కోను పోత."

"చప్పుడు ఏమన్న మారిందా?"

"చప్పుడెవరు విన్నరు?"

ఎల్లేష్ తల గోక్కున్నాడు. "ఏం చెప్పకపోతే నేనేం జెయ్యాలె? అయితే మదర్‌బోర్డే అనుకోవాలె. డబ్బా తీసుకపోత. పాతది గద, దీనికి బోర్డు దొరుకుడు కష్టం. దొరికితే పది రోజులు. దొరకకపోతే ఇగ దీని పని అయిపోయినట్టే."

శృతి కళ్లలో నీళ్లు తిరిగాయి. భిక్షం కండువా దులుపుకుని లేచాడు. "ఏమనుకోకు బిడ్డా. నేను కొంపల్లి పోయి ఏరేకాడ చేయించుకుంట. పెండ్లి ఆగది గద."

కిటికీ అవతల ముత్తమ్మ చేతిలో బియ్యపు గింజ అలాగే ఉండిపోయింది. డబ్బా పోతుంది. రేపటి నుంచి ఈ ఇల్లు మళ్లీ ముత్తమ్మ ఇల్లు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు. కాని సిద్దిరాములు బర్రె పక్కన ఇంకొకటి తన లెక్కలోకి చేరుతుంది. అదొక్కటే కాదు. అంత చదువుకున్న పిల్లగాడు ఒకటి అడిగితే, ఇంత చదువుకున్న పిల్ల "ఏమో" అంటున్నది. ఆ ఏమోలన్నిటికీ జవాబులు తన నాలుక చివర ఉన్నాయి. తెలిసిన సంగతిని మింగి కూర్చోవడం ముత్తమ్మకు పుట్టినప్పటి నుంచి చేతకాలేదు.

"పెట్టంగనే రావు" అంది కిటికీలోంచి.

అందరూ తలలు తిప్పారు.

"చల్లగున్నప్పుడు పెడితే అరగంట మంచిగుంటది. అప్పుడు ముందుగాల ఎడమ దిక్కు పై మూలన ఎర్ర చుక్కలు. ఎనుక గీతలు. బంద్ జేసి అన్నం తినొస్తే మల్ల కొంచెంసేపు మంచిగుంటది. ఎండ పొద్దు జల్దీ వస్తయి, వానపడ్డనాడు ఆలస్యంగ వస్తయి."

ఎల్లేష్ కుర్చీ అటు తిప్పుకున్నాడు. "రంగుల తెర రాకముందు? నల్లగున్నప్పుడు?"

"తెల్ల అక్షరాలు నడుస్తయి సూడు, అప్పుడా? మొన్న మంగళవారం దాక లెవ్వు. బుధవారం కెల్లి, వేడి మీద బంద్ జేసి మల్ల పెడితే ఆడగూడ సుక్కలే. అక్షరం ఒకటి విడిచి ఒకటి తప్పొస్తాంది. ఇంకోటి చెప్పాలె. దీనికి రెండు సప్పుళ్లుండె. లావుది ఉన్నది. దోమ లెక్క సన్నది బంద్ అయ్యి ఇరవై రోజులాయె."

రవీందర్ నోరు తెరిచాడు. "ఇవన్నీ ఎప్పుడు జూసినవ్ వదినె?"

"బియ్యం ఏరుకుంట."

"గందుకేనా, రోజూ నా అన్నంలనే రాళ్లొస్తున్నయి!"

భిక్షం గట్టిగా నవ్వాడు. శృతి నవ్వలేదు. కిటికీనీ, సగం పరదానీ, అవతల పీటనూ వరుసగా చూసింది. ముత్తమ్మకు ఒంటి మీద చీర ఉందో లేదో తెలియనంత సిగ్గేసింది. ఏడాదిన్నర చూపు ఒక్కసారిగా వాకిట్లో ఆరబెట్టినట్టయింది.

ఎల్లేష్ మాత్రం స్క్రూడ్రైవర్ తీశాడు. "నల్ల తెర మీదనే సుక్కలొస్తే అది వైరస్ గాదు, విండోస్ గాదు. వేడికొస్తున్నయంటే, సన్న సప్పుడు బంద్ అయ్యిందంటే, గ్రాఫిక్స్ కార్డు. తెర మీద బొమ్మ గీసేది అదే. దాని నెత్తి మీద చిన్న ఫ్యాను ఉంటది. పెద్దమ్మా, బోర్డు జోలికి పోకుండ ఆపినవ్."

కరెంటు తీగ పీకి, డబ్బాను టేబుల్ మీదికి ఎత్తి, పక్క రేకు లాగాడు. అందరూ తొంగిచూశారు. లోపలంతా మసి. బూజు మసితో కలిసి కంబళి ముక్కలా పేరుకుంది. ఎల్లేష్ స్క్రూ విప్పి ఒక కార్డును ఊడబెరికి వెలుతురులో పట్టుకున్నాడు. దాని మీద రూపాయి బిళ్లంత ఫ్యాను, రెక్కలు కనబడకుండా నల్లటి జిగురుతో బిగుసుకుపోయి ఉంది.

"ఇదేందిది? దీన్ల కూసోని ఎవరన్న బీడీలు తాగిన్రా?" వేలితో గీకి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఊదు వాసనొస్తాంది!"

ఆ ఇంట్లో ఊదు వేసేది ఎవరో చెప్పాల్సిన పనిలేదు. అయినా ఎవరూ తన వైపు చూడకముందే ముత్తమ్మ చాట పక్కన పెట్టి, గుమ్మం దాటి ఆ గదిలోకి వచ్చింది. చేతిలో పొగ గిన్నె గాని చాయ్ పళ్లెం గాని లేకుండా ఆ గదిలో అడుగు పెట్టడం ఆమెకు అదే మొదటిసారి.

"నేనే ఏసిన. శుక్రవారం శుక్రవారం ఎప్పుడూ ఏస్తనే ఉంటి. గీతలొచ్చినంక రోజుకు రెండుసార్లు."

"రోజుకు రెండుసార్లా!" శృతి గొంతు లేచింది. "నేను ఫార్మాట్ కొట్టుకుంట చస్తుంటే, నువ్వు దీని ముక్కుల పొగ పెడుతున్నవా అక్కా? ఎందుకు?"

"నా కన్ను తగిలిందని" అంది ముత్తమ్మ. "నేను దీన్ని పాడుగాను అన్న. తెల్లారే గీతలొచ్చె. ఆనాడు సిద్దిరాములు బర్రె గూడ గట్లనే... నా కన్ను నేనే దించుదామనుకున్న."

భిక్షం గడప వైపు చూశాడు. రవీందర్ తను ఆడిన పరాచికం గుర్తొచ్చి మెడ రుద్దుకున్నాడు.

ఎల్లేష్‌కు ఈ ఇంటి సంగతులేవీ తెలియవు. అతను కార్డును ఆమె కళ్ల ముందు పెట్టాడు. "కన్నూ లేదు, మన్నూ లేదు పెద్దమ్మా. నూనె పొగకు ఫ్యాను పట్టేసింది. గాలి తిరగలె, వేడికి చిప్పు కాలింది. గంతే."

"గంతేనా?"

"గంతే."

"నా కన్ను గాదంటవ్?"

"కన్ను మసి కక్కుతదా? గీ మసి చూడు, ఏడాదిది. నువ్వు తిట్టకముందే ఇది సగం సచ్చి ఉన్నది."

ముత్తమ్మ ఆ కార్డును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఎవరో ఒక డబ్బా విప్పి, లోపల ఏముందో చూసి, ఇందుకు చెడిపోయింది అని చెప్పడం ఆమె జీవితంలో అదే మొదలు. బర్రెను ఎవరూ విప్పి చూడలేదు. దాని కడుపులోనూ ఏదో ఒకటి ఉండే ఉంటుంది. ఏ పొదుగు వాపో, ఏ తినరాని గడ్డో. ఆ నిందను పన్నెండేళ్లు ఆమె ఒక్కతే మోసింది.

"ఏడుస్తున్నవా అక్కా?" అంది శృతి. కోపం ఇంకా పోలేదు గాని గొంతు దిగింది. "డబ్బా పోయినందుకు నేను గద ఏడ్వాలె."

"మసి కండ్లల్ల పడ్డది" అంది ముత్తమ్మ కొంగుతో తుడుచుకుంటూ.

ఎల్లేష్ వెంటనే ఓటమి ఒప్పుకోలేదు. బ్రష్షుతో మసి దులిపి, స్పిరిట్ దూదితో తుడిచి, కార్డు అంచున ఉన్న బంగారు రంగు పళ్లను పిల్లల రబ్బరుతో రుద్దాడు. ముత్తమ్మ తన కుట్టుమిషన్ నూనె తెచ్చి ఫ్యాను ఇరుసులో ఒక చుక్క వేసింది. కార్డును మళ్లీ గుచ్చి బటన్ నొక్కితే ఫ్యాను తిరిగింది, దోమ చప్పుడు మళ్లీ వచ్చింది. చుక్కలు మాత్రం పోలేదు.

"ఆలస్యమైంది. కాలిన చిప్పు మల్ల బతకది. మార్చాల్సిందే" అని అతను బండెక్కి అల్వాల్ పోయాడు. భిక్షం కదలకుండా అరుగు మీదే కూర్చున్నాడు. ముత్తమ్మ అన్నం పెడితే తిన్నాడు, రాయి తగిలినా మాట్లాడలేదు.

రెండు గంటలకు ఎల్లేష్ పేపర్లో చుట్టిన రెండు కార్డులతో వచ్చాడు. మొదటిది చూడటానికి కొత్తగా ఉంది గాని, దాని అంచులోని గాటు ఒక చోట, బోర్డు మీద కార్డు గుచ్చే గంటులోని అడ్డు ఇంకో చోట. బలవంతంగా నొక్కబోయిన రవీందర్ చేతిని తోసేశాడు. "వద్దన్నా! పాత బోర్డుకు కొత్త కార్డు పట్టది. నొక్కితే రెండూ పోతయి." రెండోది పాతది. దాని మీద ఫ్యాను లేదు, ఇనుప దువ్వెనలాంటి పళ్లు మాత్రమే ఉన్నాయి. అది 'టక్' మని కూర్చుంది. స్క్రూ బిగించి, తీగ పెట్టి, బటన్ నొక్కాడు.

బీప్. నల్ల తెర. తెల్ల అక్షరాలు.

ఎల్లేష్ తెర వైపు కాకుండా ముత్తమ్మ వైపు తిరిగాడు. "పెద్దమ్మా, చుక్కలున్నయా?"

ముత్తమ్మ ముక్కు తెరకు ఆనేంత దగ్గరగా వంగింది. "లెవ్వు."

తర్వాత వచ్చిన బొమ్మలు ఇంతింత లావుగా, రంగులు వెలిసిన పాత గోడలా ఉంటే శృతి గుండె మీద చేయి వేసుకుంది. "కొత్త కార్డును ఇంకా గుర్తు పట్టలె. సీడీ వెయ్యనియ్యి" అన్నాడు ఎల్లేష్. సీడీ తిరిగింది, తెర ఒకసారి రెప్ప వేసింది, తెరిచేసరికి అంతా కడిగిన గాజులా ఉంది. అరగంట చూస్తే గాని పోనని అతను కూర్చున్నాడు. గడియారం చూసే పని ముత్తమ్మకు అప్పగించారు. ఆమె గదిలోనే, తెర ఎదురుగా, పీట వేసుకుని కూర్చుంది. అరగంట గడిచింది. గంట గడిచింది. ఎడమ దిక్కు పై మూల శుభ్రంగానే ఉంది.

శృతి ఫ్లాపీ పెట్టి భిక్షం కార్డు తెరిచింది. ఎర్రటి తామరలు వెనకటికంటే నిగనిగలాడుతున్నాయి. ఆ పిల్ల వేళ్లు కీబోర్డు తెల్లపలక మీద చకచకా కదులుతున్నాయి. చూస్తుంటే ముత్తమ్మకు కడుపులో మళ్లీ మిరపకాయ చిదిమినట్టయింది. అదే మంట, అదే చోట. ఆమె అలవాటుగా చూపు తిప్పుకోబోయి, ఆగింది. ఎందుకు తిప్పుకోవాలి? చూస్తే ఏమీ కాదు. కుళ్లుకున్నా ఏమీ కాదు. ఎల్లేష్ విప్పి చూపించాడు కదా. పన్నెండేళ్ల తర్వాత, భయం లేకుండా, కళ్లు రెండూ విప్పి ఆమె కడుపునిండా కుళ్లుకుంది.

"ఆగు" అంది. "నడిమి వరుసల పది సుక్కలే పెట్టినవ్. పదకొండుండాలె. నా ముగ్గు దించినప్పుడు సక్కగ లెక్కబెట్టొద్దా?"

శృతి చేయి ఆగింది. వేలితో తెర మీద లెక్కపెట్టింది. పదే. మెల్లగా ముత్తమ్మ వైపు చూసి, "అడగకుండ దించిన అక్కా. తప్పయింది" అంది. తర్వాత భిక్షంతో, "గీ ముగ్గు మా అక్కదే పెద్దనాయినా" అని చెప్పింది.

"గట్లనా చెల్లె! మరి ఆనాడు చెప్పవైతివి?" అన్నాడు భిక్షం.

"నన్నెవరడిగిన్రు?" అంది ముత్తమ్మ. ఆ మాట అనడంలో వచ్చిన సుఖం ఆమెకు నాలుగు రోజులు సరిపోయింది. ఐదో రోజు కార్డు ప్రెస్సు నుంచి వచ్చింది. దాని అడుగున చిన్న అక్షరాలతో 'డిజైన్: శృతి' అనే ఉంది. ఒక్కటే పేరు. మళ్లీ మంట.

ఆ శుక్రవారం ముత్తమ్మ ఊదు గిన్నె పట్టుకుని ఇల్లంతా తిరిగి, శృతి గది గుమ్మం దగ్గర ఆగిపోయింది. లోపలి నుంచి శృతి, "గీత దాటకు అక్కా!" అని అరిచింది. "దాట్తలేను తియ్!" అని ఈమె అరిచింది. తర్వాత గిన్నె అరుగు మీద పెట్టి, చేతులు తుడుచుకుని, వెనక సందులోకి నడిచింది.

సిద్దిరాములు కొత్త బర్రెను పిండుతున్నాడు. ముత్తమ్మ అడుగులు వినబడగానే అతని భార్య గబగబా కొంగు లాగి చెంబు మీద కప్పింది.

"తియ్యవ్వా కొంగు" అంది ముత్తమ్మ నడుం మీద చేయి వేసుకుని. వంగి, చెంబులోకి తొంగిచూసింది. నురుగు అంచు దాటి పొంగుతోంది. అంత పాలు తమ ఇంటికి ఏనాడూ రాలేదు. గుండె భగ్గుమంది.

"ఏం పాలురా సిద్దిరాములూ" అంది, ప్రతి అక్షరమూ ఒత్తి పలుకుతూ. "మస్తున్నయిరా."

ఆ మాట అక్కడే వదిలేసి, వెనక్కి చూడకుండా ఇంటికొచ్చి, కిటికీ ముందర పీట వేసుకుంది.